ఎప్పుడూ ఖాళీగా కనిపించిన సర్క్యూట్: ఒక కిల్లర్ ట్రంక్ కేసు

టెలిఫోన్ ఎక్స్ఛేంజిల స్విచింగ్ మెయింటెనెన్స్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను తరచూ చెప్పే కేసు ఇది. ఊరు, సంస్థ, పరికరాలు తయారుచేసినవాళ్లు ఎవరన్నది వదిలేస్తున్నాను. ట్రాఫిక్ అంకెల్ని గుర్తుపట్టే వీల్లేకుండా కొంచెం మార్చాను గానీ వాటి మధ్య పొంతన చెడగొట్టలేదు. కేసంతా ఆ పొంతన మీదే నడుస్తుంది మరి.

నేపథ్యం

చందాదారులు బాగా ఉన్న ఒక స్థానిక ఎక్స్ఛేంజి, దాన్ని ‘ఎ’ అందాం. అక్కడినుంచి ఎక్కువ కాల్స్ వెళ్లే మరో ఎక్స్ఛేంజి ‘బి’. రెండింటికీ పైన, స్థానిక ఎక్స్ఛేంజిల్ని ఒకదానితో ఒకటి కలిపే ట్యాండెం ఎక్స్ఛేంజి ‘సి’. ఎ, బిల మధ్య నేరుగా రెండు ఈ1లు (డిజిటల్ లింకులు) ఉన్నాయి. ఒక్కో ఈ1 సెకనుకు 2.048 మెగాబిట్లు మోస్తుంది. అందులో 64 కిలోబిట్ల టైమ్‌స్లాట్లు 32. సున్నా స్లాట్ ఫ్రేమ్ (32 స్లాట్ల ఒక వరస) గుర్తుకు పోతుంది, 16ను ఈ రూట్లో పక్కన పెట్టారు, మిగిలిన 30లో మాట వెళ్తుంది. అంటే మొత్తం 60 సర్క్యూట్లు. ఆ అరవై నిండితే కాల్ సి మీదుగా తిరిగి బికి చేరాలి.

ముందు దగ్గరి దారి, అది నిండితే పై మెట్టు అన్న అమరిక పాతదే. అమెరికాలో 1951లో చందాదారులు ఆపరేటర్ అవసరం లేకుండా దూరపు ఊళ్లకు నేరుగా డయల్ చేసుకోవడం మొదలైంది. ఆ దశాబ్దంలోనే అక్కడి టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ తన ఎక్స్ఛేంజిలను ఐదు తరగతులుగా పేర్చింది. చందాదారు తీగ వచ్చి చేరేది ఐదో తరగతి, అన్నిటికీ పైనున్న ప్రాంతీయ కేంద్రాలది ఒకటో తరగతి. కింది తరగతుల మధ్య నేరుగా వేసిన ట్రంకుల్ని (ఎక్స్ఛేంజిల్ని కలిపే సర్క్యూట్లను) నిండుగా వాడుకుని, పొంగినదాన్ని పైకి పంపేవారు. 1980ల్లో అక్కడ ఆ మెట్ల వరస పోయి, పరిస్థితిని బట్టి దారి మార్చే డైనమిక్ రూటింగ్ వచ్చింది. చిన్న నెట్‌వర్కుల్లో మాత్రం ఓవర్‌ఫ్లో అలవాటు అలాగే మిగిలింది, దాంతోపాటు ఒక నమ్మకం కూడా: పై దారిలోకి పొంగు రాలేదంటే కింది దారిలో ఖాళీ ఉన్నట్టే, ఖాళీ ఉందంటే ఇబ్బంది లేనట్టే.

ఈ కేసు అర్థం కావాలంటే ఇంకో రెండు సంగతులు తెలియాలి. ఒకటి, కాల్ కలపడానికి కావలసిన సిగ్నలింగ్ ఈ 60 సర్క్యూట్లలో వెళ్లదు. అది నంబర్ 7 సిగ్నలింగ్ లింకుల మీద విడిగా నడుస్తుంది. ‘నీకూ నాకూ మధ్య ఫలానా నంబర్ సర్క్యూట్ వాడుతున్నాను’ అని ఎ చెబితే బి ఒప్పుకుంటుంది. ఆ నంబరే సీఐసీ. రెండోది, ఇవి రెండువైపులా వాడే ట్రంకులు. ఒకే సర్క్యూట్‌ను ఒకే క్షణంలో ఇద్దరూ పట్టుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి, అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ సిఫార్సు క్యూ.764లో చెప్పిన మొదటి పద్ధతి పెట్టారు: ఇద్దరూ ఎదురెదురు దిక్కుల నుంచి వెతకాలి. ఎ చిన్న సీఐసీ నుంచి పైకి, బి పెద్ద సీఐసీ నుంచి కిందికి. ఇద్దరూ మధ్యలో తారసపడేది రూట్ బాగా నిండినప్పుడే.

ఫిర్యాదు

ఎ చందాదారులు బి నంబర్లకు చేస్తే ఒక్కోసారి చెవిలో ఏమీ వినిపించడం లేదు. రింగ్ లేదు, బిజీ టోన్ లేదు, రికార్డు చేసిన గొంతూ లేదు. కాసేపు చూసి పెట్టేసి మళ్లీ చేస్తే చాలాసార్లు కలిసేది. అందుకే ఫిర్యాదుల విభాగం ‘పరీక్షించాం, సరిగానే ఉంది’ అని రాసి మూసేసేది. ఇలాంటివి పోగుపడ్డాక నా దగ్గరికి వచ్చాయి.

ఫిర్యాదు కాగితాల్లో మూడు విషయాలు నన్ను ఆపాయి. అన్నీ రద్దీ వేళవే, రాత్రివి ఒక్కటీ లేదు. బి వైపు నుంచి ఎకి చేసేవాళ్లు ఒక్కరూ ఏమీ అనలేదు. మూడోది ఒక చందాదారు తనంతట తాను చెప్పింది: ‘నాకేమీ వినపడలేదని పెట్టేశానండీ, నిమిషంలో వాళ్లే తిరిగి చేసి, ఇప్పుడే ఒక రింగ్ వచ్చి ఆగిపోయింది, మీరేనా అని అడిగారు’.

ఈ మూడో మాట విలువైనది. అవతల ఫోన్ మోగిందంటే కాల్ చివరిదాకా చేరింది. రింగ్ బ్యాక్ టోన్ పుట్టేది అవతలి ఎక్స్ఛేంజిలో, వచ్చేది మాట వచ్చే దారిలోనే. సిగ్నలింగ్ బాగుండి టోన్ రాలేదంటే బి నుంచి ఎకి వచ్చే మాట దారి ఎక్కడో తెగింది. అంతవరకు సులువే. అయితే తెగిన దారి రాత్రి ఎందుకు బాగుంటుంది?

చేసి చూసినవి

నేను కేసు తీసుకునేసరికి ఒక పని జరిగిపోయింది. రద్దీ వేళ ఫిర్యాదు కాబట్టి రద్దీయే కారణమని మూడో ఈ1 వేశారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టను. చేతిలో ఇంకే ఆధారమూ లేనప్పుడు రద్దీ వేళను చూసి రద్దీని అనుమానించడం సహజం. కానీ ఫిర్యాదులు కొంచెం కూడా తగ్గలేదు. కొత్త ఈ1 సర్క్యూట్లలో కాల్స్ మాత్రం కనిపిస్తున్నాయి, కాబట్టి అది వాడకంలోకి వచ్చిందనే అందరూ అనుకున్నారు. ప్లానింగ్ వాళ్లు రూట్ లెక్క తీసి చూపించారు: సి వైపు ఓవర్‌ఫ్లో సున్నా. ‘రూట్ ఖాళీగా ఉందండీ, ఇక మా వైపు చెయ్యడానికేం లేదు’ అన్నారు. వాళ్ల లెక్కలో తప్పేమీ లేదు.

తర్వాత ట్రాన్స్‌మిషన్ వాళ్లను పిలిచాం. దారి మధ్యలో ఒక డిజిటల్ క్రాస్ కనెక్ట్ ఉంది, అంటే ఒక లింకు టైమ్‌స్లాట్లను మరో లింకుకు కలిపే యంత్రం. ఎ నుంచి అక్కడిదాకా ఒక పరీక్ష, అక్కడినుంచి బిదాకా మరొకటి చేశారు. రెండు ముక్కల్లోనూ ఒక్క బిట్ తప్పు లేదు. అలారం పలకలో ఎర్రదీపం లేదు, ఫ్రేమ్ జారిన గుర్తు లేదు. రాత్రి ఎ నుంచి బికి పరీక్ష కాల్స్ చేశారు, అన్నీ కలిశాయి.

కాల్ విడుదల కారణాలు చూశాను. సర్క్యూట్ దొరకలేదని చెప్పే కోడ్ 34 లేదు, తాత్కాలిక వైఫల్యం 41 లేదు. ఉన్నదంతా 16, అంటే మామూలుగా పెట్టేసిన కాల్. చందాదారు విసుగొచ్చి పెట్టేసినా, మాట్లాడడం అయి పెట్టేసినా సిగ్నలింగ్‌కు రెండూ ఒకటే. అందుకే ఏ నివేదికలోనూ ఇది వైఫల్యంగా నమోదు కాలేదు.

లెక్క ఎక్కడ దారి చూపింది

ఫిర్యాదుల సంఖ్యను నమ్మలేం. పదిమందిలో ఒకరే ఫోన్ చేసి చెబుతారు. కాబట్టి సిగ్నలింగ్ రికార్డుల్లోంచి ఒక రకం కాల్స్‌ను వేరుచేశాను: ఎ నుంచి బయల్దేరి, అవతల ఫోన్ మోగుతోందన్న కబురు అందాక, పదిహేను సెకన్లలోపు చేసినవాళ్లే పెట్టేసినవి. ఇలాంటివి ఏ రూట్లోనైనా కొన్ని ఉంటాయి. తెల్లవారుజామున ఉండే మోతాదును తీసేసి, మిగిలినదాన్ని అరగంటకు ఒకటిగా ఎ–బి ట్రాఫిక్‌తో పక్కపక్కన పెట్టి చూశాను.

ట్రాఫిక్ 12 ఎర్లాంగ్‌ల (సగటున ఒకేసారి నడిచే కాల్స్ లెక్క) దగ్గర ఉన్నప్పుడు ఇవి నూటికి ఒకటి కూడా లేవు. 15 దాటాక మూడు, నాలుగు. 17, 18 మధ్య ఏడు దాకా వెళ్లాయి. గీత తిన్నగా పెరగలేదు, ఒక చోట నుంచి వంపు తిరిగి లేచింది.

ఈ వంపును స్విచింగ్‌లో పనిచేసే ఎవరైనా గుర్తుపడతారు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎ.కె. ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రం నుంచి వచ్చేది ఇదే. ఇన్ని సర్క్యూట్లు, ఇంత ట్రాఫిక్ అంటే అన్నీ నిండి ఉండగా వచ్చే కాల్స్ ఎన్ని శాతమో అది చెబుతుంది. పట్టిక తీస్తే, కొత్త ఈ1ను పక్కన పెట్టి చూసినా, 60 సర్క్యూట్లకు 18 ఎర్లాంగ్‌లు లెక్కలోకే రావు. నూటికి ఒక కాల్ పోవాలన్నా 46.9 ఎర్లాంగ్‌లు కావాలి. కానీ 20 సర్క్యూట్ల వరసలో 12.0 దగ్గర 1 శాతం, 15.2 దగ్గర 5 శాతం, 17.6 దగ్గర 10 శాతం. నా అంకెలు వీటికి కాస్త కిందుగా నడుస్తున్నా వంపు మాత్రం అదే.

అంటే ఎ వైపు నుంచి చూస్తే ఈ రూట్ అరవైకి పైగా సర్క్యూట్లదిగా కాక, ఇరవై, ఇరవై రెండు సర్క్యూట్లదిగా ప్రవర్తిస్తోంది. ఎ కిందినుంచి పైకి వెతుకుతుంది. మొదటి ఇరవై చిల్లర బాగున్నాయి, వాటి వెంటనే ఏదో ఉంది. అది నిండుగా ఉంటే వెతుకులాట దాన్ని దాటి పోయేది. దాటడం లేదంటే అది ఖాళీగా ఉంది. ఖాళీగా ఉండి పనిచెయ్యడం లేదు.

అప్పుడు రూట్ నివేదిక పక్కన పెట్టి, సర్క్యూట్‌వారీ లెక్క తీయించాను. మామూలుగా ఎవరూ తీయరు, పేజీలకు పేజీలు వస్తుంది. రద్దీ గంటలో సీఐసీ 21 తొమ్మిది కాల్స్ మోసింది, ఒక్కోటి సగటున మూడు నిమిషాలు. సీఐసీ 22 పాతికకు పైగా కాల్స్ తీసుకుంది, సగటు పది సెకన్ల లోపు. 23 నుంచి పైకి ఎ నుంచి వెళ్లిన కాల్స్ ఒక్కసారిగా పడిపోయాయి. 16ను వదిలేస్తే 22 వరసలో ఇరవై ఒకటోది. ముందు సరిగ్గా ఇరవై ఉన్నాయి.

పాతవాళ్లు దీన్నే కిల్లర్ ట్రంక్ అంటారు. వచ్చినవాళ్లందరినీ క్షణంలో తిప్పి పంపేసే గుమాస్తా కౌంటర్ ముందు ఎప్పుడూ వరస ఉండదు, కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లంతా అక్కడికే వెళ్తారు. చెడిపోయిన సర్క్యూట్ పది సెకన్లలో ఖాళీ అవుతుంది, వెతుకులాట మళ్లీ దాన్నే ముందు చూస్తుంది. ఆ పది సెకన్లలో ఇంకో కాల్ వస్తే అది 23కి జారి బతికిపోతుంది. నా అంకెలు పట్టిక కన్నా తక్కువ రావడానికి కారణం అదే.

మిగతా చిక్కుముళ్లు వాటంతట అవే విడిపోయాయి. రాత్రి పరీక్ష కాల్ సీఐసీ 1 లేదా 2 తీసుకుంటుంది, 22 దాకా రాదు. బి పైనుంచి దిగుతుంది, దాని ట్రాఫిక్‌కు 22 దాకా దిగే అవసరమే రాలేదు. ఒక్కో ఈ1కు 32 నంబర్లు లెక్క కాబట్టి మూడో ఈ1 సర్క్యూట్లు సీఐసీ 65 నుంచి 95 దాకా, అంటే 22కు అవతల పడ్డాయి. వాటిలో కనిపించిన కాల్స్ పైనుంచి దిగే బివి. ఓవర్‌ఫ్లో రాకపోవడానికీ ఇదే కారణం: ఎ నుంచి వచ్చే ఒత్తిడినంతా 22 మింగేస్తుంటే రూట్ నిండేదెప్పుడు?

పట్టుకున్నాక

ముందు సీఐసీ 22ను బ్లాక్ చేశాను. పరీక్ష తర్వాత చేద్దాం, ఇప్పుడు బ్లాక్ చేస్తే చందాదారుకు వెంటనే ఊరట. పైగా వంపు మాయమైతే అదే రుజువు. ఆ సాయంత్రం రద్దీలో పదిహేను సెకన్లలోపు పెట్టేసిన కాల్స్ తెల్లవారుజాము మోతాదుకు పడిపోయాయి.

తర్వాత ఆ ఒక్క సర్క్యూట్ మీద కంటిన్యుటీ పరీక్ష. ఎ నుంచి అభ్యర్థన వెళ్తే బి ఆ సర్క్యూట్‌ను తన దగ్గర లూప్ చేస్తుంది, అంటే వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి తిప్పుతుంది. ఎ 2000 హెర్ట్జ్ టోన్ పంపి తిరిగొచ్చిందో లేదో చూస్తుంది. తిరిగి రాలేదు. పక్కనున్న 21, 23 మీద వచ్చింది.

తప్పు క్రాస్ కనెక్ట్‌లో దొరికింది. అంతకు ముందెప్పుడో పోర్టులు మార్చినప్పుడు 64 కిలోబిట్ల స్థాయిలో టైమ్‌స్లాట్లను ఒక్కొక్కటిగా మళ్లీ కలిపారు. 22వ స్లాట్ బి నుంచి ఎ వైపు కలపలేదు, ఎ నుంచి బి వైపు ఉంది. క్రాస్ కనెక్ట్ రెండు వైపులా ఫ్రేమ్‌ను తనే కొత్తగా కట్టి పంపుతుంది కాబట్టి ఈ1 అలారం రాదు. ముక్కముక్కగా చేసిన పరీక్షలు ఆ యంత్రం గడప దాకా వెళ్లి ఆగాయి. తప్పు ఉన్నది రెండు గడపల మధ్య.

ఎక్స్ఛేంజికి తనంతట తనకు ఎందుకు తెలియలేదు

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన ప్రశ్న ఇది. 1878లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో మొదటి వాణిజ్య ఎక్స్ఛేంజి తెరిచినప్పటి నుంచి చాలాకాలం కాల్ కలిపింది మనుషులే. ఆపరేటర్ ప్లగ్ పెట్టి తానే మాట్లాడి చూసుకునేది. తీగ చచ్చిందంటే ఆ జాక్‌ను మళ్లీ ముట్టేది కాదు. స్ట్రౌజర్ అనే అమెరికన్ 1891లో పేటెంట్ పొందిన ఆటోమేటిక్ స్విచ్, ఆ మరుసటి ఏడాది లా పోర్ట్‌లో పనిలోకి దిగి, ఆపరేటర్ చేతిని తీసేసింది. ఆ కుటుంబపు సెలెక్టర్‌లో పది మెట్లు, మెట్టుకు పది కాంటాక్టులు. డయల్ చేసిన అంకె మెట్టును ఎంచుతుంది, ఆ మెట్టు మీద వైపర్ (కదిలే చెయ్యి) మొదటి కాంటాక్టు నుంచి జరుగుతూ ఖాళీగా ఉన్నదాని దగ్గర ఆగుతుంది. ఖాళీగా ఉందా అని మాత్రమే చూస్తుంది, బాగుందా అని చూడదు. కిల్లర్ ట్రంక్ పుట్టింది ఆ వరస వెతుకులాటలోనే. మేము వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లోనూ అదే వెతుకులాట.

అయినా ఎక్స్ఛేంజిల మధ్య ఒక రక్షణ చాలాకాలం మిగిలింది. అంకెల్ని మాట దారిలోనే టోన్లుగా పంపే రోజుల్లో చచ్చిన సర్క్యూట్ మీద కాల్ అసలు కలిసేదే కాదు. అవతలి జవాబు రాక, గడువు దాటి, ఎక్స్ఛేంజి తప్పును నమోదు చేసేది. సిగ్నలింగ్‌ను విడదీశాక కాల్ త్వరగా కలుస్తోంది, టోన్లతో మోసం చేసే వీలు పోయింది, కానీ సర్క్యూట్ బతికుందన్న రుజువు కూడా దాంతోపాటే పోయింది. అందుకే కంటిన్యుటీ పరీక్షను ప్రమాణాల్లో విడిగా పెట్టారు. డిజిటల్ దారుల్లో తప్పును అలారమే చెబుతుందన్న ధీమాతో ప్రతి కాల్‌కూ దాన్ని చెయ్యరు. మధ్యలో 64 కిలోబిట్ల క్రాస్ కనెక్ట్ ఉన్నచోట ఆ ధీమా చెల్లదు.

ఏం మార్చాం, ఏం మార్చలేదు

మొదట వచ్చిన సూచన వెతికే పద్ధతి మార్చమని. క్యూ.764లోనే రెండో పద్ధతి ఉంది: రూట్‌లో సగం సర్క్యూట్ల మీద ఒక్కో ఎక్స్ఛేంజికి పెత్తనం. పాయింట్ కోడ్ (సిగ్నలింగ్‌లో ఎక్స్ఛేంజిని గుర్తించే నంబర్) పెద్దదైనవాళ్లకు సరి సంఖ్యలు, చిన్నదైనవాళ్లకు బేసి. తనవాటిలో ఎక్కువసేపు ఖాళీగా ఉన్నదాన్ని ముందు తీసుకుంటుంది, అవతలివాటిలో చివరగా విడుదలైనదాన్ని. తన సగంలో చెడ్డ సర్క్యూట్ ఉంటే దాని వంతు చుట్టుకు ఒక్కసారే వస్తుంది, నష్టం పలచబడుతుంది. నేను వద్దన్నాను. పలచబడిన నష్టం రోజంతా సమానంగా పరుచుకుంటుంది. వంపు ఉండదు, వేళ ఉండదు, నెలల తరబడి ఎవరికీ కనపడదు. ఈ వాదనకు బలమైన ఎదురువాదం ఉందని ఒప్పుకుంటాను: చందాదారు వైపు నుంచి చూస్తే తక్కువ నష్టమే మేలు. రోజూ సర్క్యూట్‌వారీ నిఘా ఉంటే మాత్రం ఏ పద్ధతైనా ఒకటేనని చివరికి ఆ సూచన ఇచ్చినవాళ్లూ నేనూ ఒప్పుకున్నాం. పాత పద్ధతినే ఉంచాం.

నిఘా రెండు రకాలుగా పెట్టాం. ట్రాఫిక్ తక్కువగా ఉండే వేళ ప్రతి సర్క్యూట్ మీదా కంటిన్యుటీ పరీక్ష దానంతట అదే నడుస్తుంది, టైమ్‌స్లాట్ స్థాయిలో ఏ మార్పు జరిగినా ఆ వెంటనే మరోసారి. రెండోది రోజువారీ నివేదిక: పట్టుబడిన సార్లు ఎక్కువ, సగటు కాలం తక్కువ ఉన్న సర్క్యూట్లు.

ఈ నివేదిక మొదట్లో ఇబ్బంది పెట్టింది. సగటు ఇరవై సెకన్ల కన్నా తక్కువైతే చూపించమని ఒక గీత గీసి పెడితే, సమయం చెప్పే సేవకూ, రికార్డు చేసిన ప్రకటనలకూ వెళ్లే రూట్లు మొత్తంగా వచ్చి పడ్డాయి. అక్కడ కాల్స్ పొట్టిగానే ఉంటాయి. దాంతో స్థిరమైన గీత తీసేసి, ప్రతి సర్క్యూట్‌నూ దాని సొంత రూట్లో ముందూ వెనకా ఉన్న సర్క్యూట్లతోనే పోల్చేలా మార్చాం. వరసగా వెతికే రూట్లో వరస పెరిగేకొద్దీ ఒక్కో సర్క్యూట్ మోసే ట్రాఫిక్ తగ్గుతూ పోవాలి. ఎక్కడైనా కాల్స్ సంఖ్య కిందినుంచి పైకి ఒక్కసారిగా ఎగిరి, ఆ తర్వాత కుప్పకూలితే, ఆ మలుపు దగ్గరున్న సీఐసీ నివేదికలో పైకి వస్తుంది. ఈ పోలిక పెట్టాక వచ్చే జాబితా చాలా రోజుల్లో ఖాళీగానే ఉంటోంది.